గీత దగ్గర జారిన బంతి

కిందటి వారం మనం నాగమల్లేశ్వరిని బహ్రెయిన్‌లోని మనామా బస్టాండులో, చేతిలో సంచితోనూ నోట్లో తిట్లతోనూ వదిలిపెట్టాం. వీసాల పని చూసే సోమేశ్వరరావుగారు కాకినాడ నుంచి వచ్చి అప్పటికి నాలుగు రోజులు. ఏడేళ్ళ కిందట ఆమె రిఫాలో, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ ఇంట్లోంచి బయటపడి, పారిపోయిన పనిమనిషని కేసు మెడకు చుట్టుకుని, పాస్‌పోర్టు చేతిలో లేక ఎవరి గదిలోనో తలదాచుకుంటే, ఒక్క ఫోనుతో ఆమెను ఒడ్డున పడేసిన మనిషి ఆయన. అలాంటి పెద్దమనిషి పనిగట్టుకుని కబురు పెడితే, చెల్లెలు చిట్టి మొగుడు కన్నబాబు ఫోనెత్తలేదు. రెండోసారి చేస్తే కట్ చేశాడు. మూడోసారికి నంబరే బ్లాక్ చేశాడు. అందుకే శుక్రవారం సెలవు పూట, మరిదిని చెవి పట్టుకుని లాక్కొచ్చి ఆయన ముందు నిలబెడతానని శపథం చేసి ఆమె సఖీర్ బస్సెక్కింది. ఆయన కూడా పదకొండింటికల్లా మరిది ఆడే మైదానం దగ్గరికి వస్తానన్నాడు.

బస్సులో కూర్చున్నంతసేపూ ఆమె తిట్లు కూడబలుక్కుంది. ఆ కష్టం కూడా అక్కర్లేదు నిజానికి. కన్నబాబును తిట్టడం ఆమెకు ఐదేళ్ళుగా రోజువారీ పని. రొట్టెల పిండిలాగా, ఎప్పుడూ కలిపి సిద్ధంగానే ఉంటుంది.

అసలు వాడి గొప్పేమిటి? తాళ్ళరేవు కుర్రాడు. కాకినాడలో డిగ్రీ చదివాడు. చదివాడనకూడదు, డిగ్రీ కాలేజీలో ఆడాడు. కబడ్డీలో రైడరు. రెండు వందల మీటర్ల పరుగులో యూనివర్సిటీకి మొదటివాడు. ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడు, ఆఖరి ఏడాది రగ్బీ కూడా తగిలించాడు. ఒకే రోజు పొద్దున రాజమండ్రిలో కబడ్డీ సెమీఫైనల్ ఆడి, ఎవడిదో మోటారు సైకిలు వెనక కూర్చుని వచ్చి, సాయంత్రం కాకినాడలో పరుగు పందెం గెలిచాడట. ఈ కథ నాగమల్లేశ్వరి ఇప్పటికి వందసార్లు విని ఉంటుంది. వాడు బహ్రెయిన్ వచ్చిన కొత్తలో ఆ పందెం అడుగు తేడాతో గెలిచాడు. ఇప్పుడది మూడు గజాలైంది. నాలుగు ఆటలు ఆడి డిగ్రీలో నాలుగు సబ్జెక్టులు మిగిల్చాడు, లెక్క సరిపోయిందని ఆమె అనేది.

రగ్బీ ఆడుతున్నప్పుడే వాడు ఒక అమెరికా కోచ్ కంట్లో పడ్డాడు. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్‌ని మన దేశంలో ఆడిస్తామని కొందరు అప్పుడొక లీగు పెట్టారు. వైజాగ్ జట్టుకి కన్నబాబును రన్నింగ్ బ్యాక్‌గా తీసుకున్నారు. కాంట్రాక్టు రాయించుకుని జీతమిచ్చారు కూడా. రన్నింగ్ బ్యాక్ అంటే ఏమిటని నాగమల్లేశ్వరి ఒకసారి పొరపాటున అడిగింది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని వెనకాల నిలబడ్డవాడి చేతికిస్తారట. వాడు దాన్ని చంకలో ఇరికించుకుని, అడ్డంపడే పదకొండు మందినీ తప్పించుకుంటూ, గుద్దుకుంటూ, అవతలి గీత దాటేదాకా పరిగెత్తాలట.

"కాకినాడ బస్టాండులో పర్సు కొట్టేసినోడూ అదే చేస్తాడు. వాడికెవరూ జీతమివ్వరు," అందామె.

మొదటి ఏడాది ఎనిమిది మ్యాచ్‌ల్లో పదకొండుసార్లు గీత దాటాడు. తాళ్ళరేవు సెంటర్లో ఫ్లెక్సీలు కట్టారు. చిట్టి సంబంధం కుదిరింది ఆ ఫ్లెక్సీలు చూసే. రెండో ఏడాది హైదరాబాదులో ఫైనల్. ఆఖరి నిమిషంలో బంతి వాడి చేతిలోనే ఉంది. గీతకి రెండడుగులు. చుట్టుపక్కల వాడిని ముట్టుకున్నవాడు లేడు. బంతి జారిపోయింది. ఎదుటి జట్టువాడెవడో దాని మీద పడ్డాడు, ఆట ముగిసింది. ఆ వీడియో గోదావరి జిల్లాల్లో చూడని ఫోను లేదు. సబ్బుబాబు అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఏ జట్టూ వాడిని పిలవలేదు. మరుసటి ఏడాది లీగే మూతపడింది. పెళ్ళయ్యాక చిట్టి ఇక్కడ ఇళ్ళల్లో పనికి వస్తే, వాడు స్కూలు వ్యాను డ్రైవరుగా వెనకే వచ్చాడు.

చింత చచ్చినా పులుపు చావలేదు. ముప్పయ్యొకటో ఏట, అరిగిన మోకాలితో, శుక్రవారమొస్తే చాలు ఇక్కడి అమెరికావాళ్ళతో, అరబ్బులతో, ఫిలిప్పీనోలతో కలిసి మళ్ళీ అదే ఆట. పెళ్ళాం వారానికి ఆరు రోజులు పరాయి ఇంటి గచ్చు కడుగుతుంది. ఈయనగారు ఏడో రోజు కొంగజపం చేసినట్టు ఒంటికాలి మీద నిలబడి కసరత్తు చేస్తాడు. "వాణ్ణి నమ్ముకోకే. నీ దారేదో నువ్వు చూసుకో," అని నాగమల్లేశ్వరి చెల్లెలికి చెప్పని రోజు లేదు. చిట్టి మొదట్లో ఎదురు చెప్పేది. తర్వాత నవ్వి ఊరుకునేది. ఈమధ్య అదీ లేదు, వింటోంది.

ఆమె బస్సు దిగి మైదానం చేరేసరికి పదిన్నర. ఎండ ఉంది కానీ గాలి చల్లగా వీస్తోంది. గడ్డిలాంటి ఆకుపచ్చ తివాచీ పరిచిన మైదానం. దాన్నీ, పక్కన బళ్ళు నిలిపే చోటునీ కలిపి చుట్టూ ఇనప కంచె, ఒకే ఒక్క గేటు. మడత కుర్చీల్లో తెల్లవాళ్ళు పెళ్ళాం పిల్లలతో కూర్చుని ఉన్నారు. సౌదీలోని దమ్మామ్ నుంచి వంతెన దాటి వచ్చిన జట్టుతో ఆట నడుస్తోంది. భుజాలకి బుట్టల్లాంటి కవచాలు, నెత్తిన ఇనప చువ్వల టోపీలు. ఎవడెవడో తెలియలేదు. ఇరవైరెండు నంబరు చొక్కా చూసి పోల్చుకుంది. దాన్ని ఉతికేది చిట్టే.

మంద రెండు వైపుల నుంచీ ఢీకొంది. బంతి ఎవరి చేతుల్లోకి పోయిందో ఆమెకు కనపడలేదు. ఇంతలో ఆ గుంపులోంచి ఇరవైరెండో నంబరు, తలుపు సందులోంచి పిల్లి జారినట్టు, పక్కకి వాలి బయటికొచ్చాడు. ఒకడు నడుం పట్టబోయాడు. కబడ్డీ కోర్టులోలాగ తుంటి తిప్పి వాడి చేతుల్ని గాలికి వదిలేశాడు. రెండోవాడి భుజం మీద అరచెయ్యి ఆనించి తోసేశాడు. ఆ తర్వాత ఒక్కటే పరుగు. నాగమల్లేశ్వరి తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. అతను కిందపడ్డాక గానీ ఆ సంగతి తెలుసుకోలేదు. తెలిశాక తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ మంట కూడా వాడి ఖాతాలోనే వేసుకుంది.

సగం ఆట అయ్యిందని విజిల్ వేశారు. కన్నబాబు టోపీ తీసి చూసి, కంచె పక్కన ఆమెను గుర్తుపట్టి, మొహం చేటంత చేసుకుని వచ్చాడు.

"వదినా, వొచ్చేరా? చూసేరా ఇందాకటి పరుగు?"

ఐదేళ్ళలో ఆమె ఒక్కసారీ ఆట చూడటానికి రాలేదు. ఇవాళ వచ్చిందనుకుని మురిసిపోతున్నాడు. అది చూసి ఆమెకు జాలి వేయలేదు, ఇంకాస్త అసహ్యం వేసింది. పక్కకి రమ్మంది. స్కూలు వ్యాను నీడలోకి తీసుకెళ్ళి నిలదీసింది. ఆయన ఫోను ఎందుకెత్తలేదు? ఆయనకి నువ్వేపాటి మనిషివి? కొత్త లీగు పెడుతున్నారు, కాకినాడలో కోచ్‌గా పెట్టి నిన్ను మనిషిని చేద్దామనుకుంటున్నారు, దానికి నువ్విచ్చే మర్యాద ఇదా? యాభై మూడు రోజులు నేను దిక్కులేకుండా ఉన్నప్పుడు మీరంతా ఏం చేశారు? చిట్టి ఏడ్చింది. నువ్వు బంతి పారేసుకున్నావు. ఆయనొక్కడే నన్ను బయటపడేశాడు. ఇలా సాగిపోయింది ఆమె ధోరణి. కన్నబాబు వ్యాను మెట్టు మీద కూర్చుని మోకాలికి ఐసు సంచి అదుముకుంటూ వింటున్నాడు. మొహంలో నవ్వు ఎప్పుడో పోయింది.

"కోచ్ కాదండి అది," అన్నాడు చివరికి. "ఊరూరా ట్రయల్స్ పెడతాడు. నా మొహం ఫ్లెక్సీ మీద వేస్తాడు. వొచ్చిన కుర్రాళ్ళలో పదిమందికి ఆట, తొంభైమందికి వీసా. ఆటగాళ్ళని పోగుచెయ్యడానికి కాదు, కూలోళ్ళని పోగుచెయ్యడానికి నేను కావాలి ఆయనకి."

"నోరు ముయ్యి. చేతిలో పెట్టిన బంతిని పట్టుకోడం చేతకానోడివి. ఆయన్ని అనేపాటి మొనగాడివా నువ్వు?"

అతను ఐసు సంచి పక్కన పెట్టాడు.

"జారలేదండి."

"ఏంటి?"

"ఆ బంతి జారలేదండి. నేనే వొదిలేసేను."

ఆమె నవ్వింది. ఇన్నేళ్ళకి సాకు ఇంత బాగా కుదిరిందన్నమాట అంది. కన్నబాబు ఆ నవ్వు అయిపోయేదాకా ఆగి, తల వంచుకుని, మోకాలితో మాట్లాడుతున్నట్టుగా చెప్పుకొచ్చాడు. సోమేశ్వరరావు అప్పట్లో ఒక చేత్తో కాకినాడలో వీసాల ఆఫీసు నడుపుతూ, రెండో చేత్తో వైజాగ్ జట్టుకి మేనేజరుగిరీ చేసేవాడు. ఫైనల్ రోజు పొద్దున హోటల్ గదికి పిలిచాడు. అవతలి జట్టు మీద పెద్ద తలకాయలు పందేలు కట్టారు, వాళ్ళకి మాటిచ్చాను అన్నాడు. నీ కాబోయే వదిన మీద కేసు కఫీల్ వెనక్కి తీసుకోవాలంటే మనామాలో ఉన్న నా మనిషి ఒక్క మాట చెబితే చాలు, ఆ మాట చెప్పించడం చెప్పించకపోవడం నీ చేతుల్లో ఉందన్నాడు. ఆఖర్లో బంతి నీకే ఇస్తారు, అందరికీ తెలుసు, నువ్వు గీత దాటకపోతే చాలన్నాడు.

"అబద్ధం," అంది నాగమల్లేశ్వరి.

"అబద్ధమే అనుకోండి. మీరు చెప్పండి. ఆ రోజు ఆయన ఫోను మీకు ఎప్పుడొచ్చింది?"

చెప్పక్కర్లేదు. ఆ క్షణం ఆమెకు అరచేతి గీతలా తెలుసు. అప్పుడు తను మనామాలో, చోటిచ్చిన జగిత్యాల భూలక్ష్మి గదిలో ఉంది. భూలక్ష్మి చాయ్ గిన్నె దించుతోంది. పక్క సందులో మసీదు నుంచి మధ్యాహ్నం మూడింటి నమాజు పిలుపు అప్పుడే మొదలైంది. ఫోను మోగింది. "నీ పనైపోయిందమ్మా," అన్నాడాయన. ఆమె ఫోనుకే దణ్ణం పెట్టింది.

"మ్యాచ్ అయిపోయింది అక్కడ అయిదున్నరకండి," అన్నాడు కన్నబాబు. "అంటే ఇక్కడ మూడు."

ఆమె కాదనబోయింది. కానీ నోటికొచ్చే మాటల కంటే ముందు ఇంకో సంగతి లోపలి నుంచి వచ్చి అడ్డంగా నిలబడింది. ఆ యాభై మూడు రోజుల్లో ఆమె ఆయనకి ఎన్నిసార్లు ఫోను చేసిందో. ఒక్కసారీ ఆయన ఎత్తలేదు. ఆఫీసులో ఉండే మనిషి ఎత్తి ఒకటే చెప్పేవాడు, సార్ టీముతో హైదరాబాదులో ఉన్నారమ్మా అని. ఏ టీమో, దానికీ తనకీ ఏం సంబంధమో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక్క మాటతో అయ్యే పని. ఆ మాట ఆయన నోట్లోనే ఉంది, యాభై మూడు రోజులు. తను భూలక్ష్మి గదిలో నేల మీద పడుకుని, మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడినప్పుడల్లా పోలీసులని లేచి కూర్చున్న అన్ని రోజులూ ఆయన దాన్ని పుక్కిట పట్టుకుని, ఎక్కడ ఎక్కువ ధర పలుకుతుందా అని చూస్తూ కూర్చున్నాడు.

అయినా నాగమల్లేశ్వరి మెత్తబడే మనిషి కాదు.

"అయితే నా కోసం చేశానంటావు. ఇప్పుడు నీకు కొబ్బరికాయ కొట్టాలా?"

"మీ కోసం కాదండి. మీరు బయటపడందే పెళ్ళి మాట ఎత్తొద్దంది చిట్టి. నాకు పెళ్ళి కావాలి. అందుకు."

ఆ మాట ఆమెకు కాస్త నచ్చింది. కనీసం అబద్ధంలా లేదు.

"మరి మిగతా పదిమందీ? వాళ్ళ సొమ్ము కాదా ఆ ఆట? వాళ్ళని అడిగేవా?"

కన్నబాబు ఐసు సంచిని మళ్ళీ మోకాలి మీద పెట్టుకున్నాడు. అప్పాజీ అని ఒకడు ఉండేవాడని చెప్పాడు. రెండేళ్ళూ తన ముందు నిలబడి, ఎదుటివాళ్ళని కాచి, దారి చేసిపెట్టినవాడు. ఆ ఆఖరి పరుగుకి దారి చెయ్యబోయి మెడ కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. స్ట్రెచర్ మీద పడుకుని కూడా, గెలిచేమా అని అడిగాడు.

"చెయ్యి చెమట పట్టింది, జారిపోయిందని చెప్పేను వాడికి. నమ్మేడు. ఇప్పటికీ నాతో మాట్లాడడు."

"మాట్లాడకపోడమే మంచిది," అంది నాగమల్లేశ్వరి. "పదిమంది కూడు తీసుకొచ్చి నాకు దానం చేసేవు. నన్నడిగితే వొద్దనేదాన్ని. చిట్టికి తెలుసా ఇది?"

"తెలీదండి. చెబితే మీకు చెప్పేస్తాది."

"చెబితే ఏం? ఏడేళ్ళు నా చేత ఆ మనిషికి దణ్ణాలు పెట్టించేవు. పండక్కీ పబ్బానికీ కాజాలు చేయించి పంపించేను. చూస్తూ ఊరుకున్నావు."

అప్పుడు కన్నబాబు తలెత్తి ఆమెను సూటిగా చూశాడు. వాడి కళ్ళల్లో అలాంటి చూపు ఆమె ఎప్పుడూ చూడలేదు. అద్దంలో మాత్రం చాలాసార్లు చూసింది.

"మొదట్లో చెప్దామనే అనుకున్నానండి. వొచ్చిన మొదటి రోజే మీరు నన్ను సబ్బుబాబు అన్నారు. అందరి ముందూ. ఇంక చెప్పబుద్ధి కాలేదు. మీరు తిట్టినప్పుడల్లా లోపల నవ్వుకునేవోణ్ణి. ఎవరికి దణ్ణం పెడుతుందో ఎవర్ని తిడుతుందో తెలీని మనిషి, తిట్టుకోనీ అనుకునేవోణ్ణి."

నాగమల్లేశ్వరికి చెంప మీద కొట్టినట్టయింది. ఐదేళ్ళుగా తను పైన కూర్చుని కిందకి చూస్తున్నాననుకుంది. అంతకాలమూ వాడు ఇంకా పై మెట్టు మీద కూర్చుని తనని చూస్తున్నాడు, అండీ ఆయ్ అంటూనే. వాడు మంచివాడనిగానీ త్యాగమూర్తి అనిగానీ ఆమెకు ఇప్పటికీ అనిపించలేదు. తామిద్దరూ ఒక్క బడిలో చదివినవాళ్ళమేననిపించింది. ఆ బడికి పంతులు సోమేశ్వరరావు.

అటు నుంచి ఎవరో, "యల్లా, యల్లా," అని కేకేశారు. ఆట మొదలవుతోంది. కన్నబాబు టోపీ అందుకుని లేచాడు. లేచినవాడు ఆగాడు.

"ఆయన ఈ నాలుగు రోజుల్లో చిట్టిని కలిసేడాండి?"

కలిశాడు. బుధవారం సాయంత్రం, నాగమల్లేశ్వరి గదిలోనే. ఆమే వంట చేసి పిలిచింది. చిట్టి వడ్డించింది. పప్పుచారు బాగుందని ఆయన రెండుసార్లు వేయించుకున్నాడు. కన్నబాబు మొండితనం గురించి తనే మొదలుపెట్టి ఏకరువు పెట్టింది. ఆయన అంతా విని, పాపం ఈ పిల్ల సంగతేమిటి మరి అన్నాడు. అప్పుడు తను అన్న మాట ఇప్పుడు, ఈ వ్యాను నీడలో, ఇంకెవరో అన్నట్టు ఆమెకు మళ్ళీ వినపడింది. "మీరే ఒక దారి చూపించండి బాబూ. వీడి పక్కన ఉంటే దీని బతుకు ఇంతే." చిట్టి గిన్నెలు సర్దుతూ అక్కడే ఉంది.

కన్నబాబుకి అంతా చెప్పలేకపోయింది. కలిశాడని మాత్రం చెప్పింది.

"ఉత్తినే నాలుగు రోజులు ఉండే మనిషి కాదండి ఆయన. చిట్టిని ఒక్కదాన్నీ ఆయన దగ్గరికి పోనీకండి," అని చెప్పి, కుంటుతూ మొదలై పరుగులోకి మారి, మైదానంలోకి వెళ్ళిపోయాడు.

నాగమల్లేశ్వరి చిట్టికి ఫోను చేసింది. స్విచ్ఛాఫ్. ఇవాళ మా మేడమ్ ఇంటికి చుట్టాలొస్తున్నారు, డ్యూటీ ఉందని పొద్దున చెప్పింది చిట్టి. డ్యూటీలో ఉన్నా అది ఫోను ఎప్పుడూ కట్టెయ్యదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. మూడోసారి చేస్తుండగా తెల్ల కారు ఒకటి గేటులోంచి వచ్చి ఆమె పక్కన ఆగింది.

సోమేశ్వరరావు దిగాడు. ఇస్త్రీ నలగని లేత పసుపు చొక్కా, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, దగ్గరికొస్తే అత్తరు వాసన. ఎప్పుడూ ఆయన్ని చూస్తే ఆమెకు గుడి మెట్లెక్కుతున్నట్టు ఉండేది. చేతులు వాటంతటవే పైకి లేచాయి. సగం దూరం వచ్చాక ఆమె వాటిని ఆపి, చున్నీ సర్దుకుంది. దగ్గరగా చూస్తే ఏముందీ మనిషిలో? గెడ్డం కింద వేలాడే చర్మం, రంగేసిన మీసం, రంగు అంటుకున్న పై పెదవి. దీనికా తను ఏడేళ్ళు కాజాలు పాకం పట్టింది.

"ఏం మల్లేశ్వరీ, మరిదితో మాట్లాడేవా?" అన్నాడు.

"ఇంకా లేదండి. చిట్టి ఫోను తియ్యట్లేదు. అదే చూస్తున్నాను."

గొంతులో మార్పు తెలియకుండా ఆమె జాగ్రత్తపడింది. ఆయన హాయిగా నవ్వాడు.

"ఎలా తీస్తుంది? పాత సిమ్ము తీయించేశాను. కొత్త నంబరు ఇచ్చాను. ఈపాటికి ఎయిర్‌పోర్టులో ఉంటుంది. ఒంటిగంటకి ఫ్లైటు. ముందు హైదరాబాదు, అక్కణ్ణించి వారంలో మస్కట్. పెద్దింట్లో వంట పని. అక్కడి కఫీల్ నాకు చాలా కావలసినవాడు."

ఆమె ఆశ్చర్యపోయిందనుకున్నాడు. ఓదార్చే గొంతుతో చెప్పాడు, అక్కకి చెబితే ఏడుస్తుంది, తర్వాత నేను చెబుతానని తనే చిట్టికి నచ్చజెప్పానని. నీ దారి నువ్వు చూసుకోమని అక్క రోజూ చెబుతూనే ఉందని చిట్టి కూడా అన్నదట. ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదట.

"నువ్వు అడిగిన పనే చేశాను," అన్నాడు సోమేశ్వరరావు, మైదానంలో ఇరవైరెండో నంబరు వైపు చూస్తూ. "ఇంక మీ మరిది నా ఫోను ఎత్తుతాడులే."

అదీ సంగతి. ఆ రోజు అక్క, ఈ రోజు చెల్లెలు. కొత్తగా ఆలోచించే శ్రమ కూడా తీసుకోలేదు మనిషి. ఒకసారి పనిచేసిన తాళంచెవే మళ్ళీ పెట్టి తిప్పాడు. అంతకంటే అవమానం ఏమిటంటే, ఈసారి ఆ తాళంచెవి అతని చేతికి పళ్ళెంలో పెట్టి, పప్పుచారుతో సహా అందించింది తను.

మైదానం అవతలి గోడ మీద గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. ఎయిర్‌పోర్టు ద్వీపానికి ఆ చివర. వ్యానులో తొక్కుకుంటూ పోతే నలభై నిమిషాలు. తాళాలు కన్నబాబు సంచిలో ఉన్నాయి. కన్నబాబు మైదానం మధ్యలో ఉన్నాడు.

"సోమేశ్వరరావూ," అంది.

గారు రాలేదు. ఏడేళ్ళలో మొదటిసారి రాలేదు. అతనికీ తెలిసింది, కళ్ళద్దాల వెనక కనుబొమలు లేచాయి.

"నీ మీసం రంగు మూతికంటింది. తుడుచుకో."

అతను జవాబు వెతుక్కునేలోపు ఆమె కుర్చీల మధ్య సందులోంచి దూరి మైదానంలోకి నడిచింది. పరిగెత్తలేదు. నలభై నాలుగేళ్ళ మనిషి, పూల చుడీదారు, పాత రబ్బరు చెప్పులు, భుజాన సంచి. చారల చొక్కా రిఫరీ విజిల్ ఊదాడు. మడత కుర్చీల్లోంచి ఎవరో లేచి నిలబడి ఇంగ్లీషులో కేకలేశారు. ఆరడుగుల మనుషులు, ఇనప టోపీల వాళ్ళు, ఆమె నడిచి వస్తుంటే ఏం చెయ్యాలో తెలియక పక్కకి తప్పుకుని దారిచ్చారు.

కన్నబాబు చంకలో బంతి ఉంది. ఆమె మొహం చూడగానే టోపీ తీశాడు.

"ఎక్కడండి?" అన్నాడు. ఎవరని అడగలేదు.

"ఎయిర్‌పోర్టు. ఒంటిగంటకి. దాన్ని ఆయన చేతిలో పెట్టింది నేనే." చెప్పాల్సిన మాట అది. మింగెయ్యకుండా చెప్పింది. "నన్ను తర్వాత తిట్టుకుందువు. ముందు బండి తియ్యి."

కన్నబాబు బంతిని రిఫరీ చేతుల్లో పెట్టాడు. వాళ్ళ కోచ్ చేతులు ఊపుతూ అడ్డం వచ్చాడు. ఆట ఇంకా సగం ఉందనీ, ఇప్పుడు వెళ్తే ఇక రావక్కర్లేదనీ అతని మాటల సారాంశం. కన్నబాబు భుజాల కవచాలు విప్పి కోచ్ కాళ్ళ దగ్గర పడేసి, చెమట బనీనుతోనే కదిలాడు. సంచిలోంచి తాళాలు తీసుకుని ఇద్దరూ వ్యాను వైపు దాదాపు పరిగెత్తారు. ఆమెకు అలవాటు లేని పరుగు, అతనికి మోకాలి మీద నమ్మకం లేని పరుగు.

వ్యాను స్టార్టయింది. వెనక్కి తీసి గేటు వైపు తిప్పాడు.

గేటుకి అడ్డంగా తెల్ల కారు నిలబడి ఉంది. మనిషి దూరే సందు కూడా లేదు. సోమేశ్వరరావు బానెట్‌కి ఆనుకుని, ఒక చేత్తో జేబురుమాలుతో మూతి తుడుచుకుంటూ, రెండో చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నాడు. కన్నబాబు అద్దం దించాడు. సోమేశ్వరరావు గొంతు ఎంత నెమ్మదిగా, ఎంత ప్రేమగా ఉందో ఇద్దరికీ స్పష్టంగా వినపడింది.

"అక్క ఇక్కడే నా పక్కనే ఉందమ్మా చిట్టీ. సంతోషంగా ఉంది. నువ్వేం భయపడకుండా లోపలికి వెళ్ళిపో."